మోరీ కింద నీళ్లు

మా మనవడు అమెరికాలో, కనెక్టికట్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. నేను పాలమూరు లైన్లో పట్టాల మీద ముప్పై ఏడేళ్లు పనిచేసి రిటైరైన మనిషిని. మా ఇద్దరికీ మాట్లాడుకోను పెద్దగా ఏమీ ఉండదు. ఆదివారం ఫోన్ చేస్తాడు, "తాతా, తిన్నవా?" అంటాడు, "తిన్న బిడ్డా" అంటాను, ఆ తర్వాత ఫోన్ వాళ్ల నాయనమ్మ చేతికి పోతుంది.

పోయిన చలికాలంలో మాత్రం ఒక ఆదివారం అరగంట మాట్లాడాడు. వాళ్లుండే చోటికి దగ్గర్లోనే హార్ట్‌ఫర్డ్ అనే ఊరుందట. నూట యాభై ఏళ్ల కింద చైనా సర్కారు పన్నెండు పదమూడేళ్ల పోరగాళ్లను ఏరి ఆ ఊరికి చదువుకు పంపిందట. వాళ్లలో ఒకడు తిరిగిపోయి చైనావాళ్ల చేతనే కొండల్లో రైలు మార్గం కట్టించాడట. "నీ లెక్కనే తాతా, పట్టాలాయన" అన్నాడు.

నా లెక్క ఎట్లయితాడు? ఆయన పేరు జన్ తియెన్‌యో. యేల్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివాడు. నాది పాలిటెక్నిక్ డిప్లొమా. అయినా మనవడు పంపినవన్నీ కళ్లద్దాలు తుడుచుకుంటూ చదివాను. చదువుతుంటే మా లైనే గుర్తుకొచ్చింది. నల్లగొండ, పాలమూరు పిల్లలు ఇప్పుడు ఊరికి పది మంది విమానం ఎక్కుతున్నారు కదా, వాళ్లకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను. ఒకటి రెండని అంకెలు వేయడం రిజిస్టర్లు రాసిన అలవాటు, అంతే.

1. ఎవరి డబ్బుతో చదివావో మర్చిపోవద్దు

చైనా ఆ పిల్లలను 1872 నుంచి ఏడాదికి ముప్పై మంది చొప్పున నాలుగేళ్లు పంపింది. మొత్తం 120 మంది. ఈ ఆలోచన యుంగ్ వింగ్ అనే ఆయనది. 1854లోనే యేల్‌లో పట్టా పుచ్చుకున్నవాడాయన. పంపే ముందు ప్రతి తండ్రి దగ్గరా కాగితం రాయించుకున్నారు. తిరిగొచ్చాక సర్కారు ఏ పని చెబితే అది చేస్తాడు, మధ్యలో జబ్బు చేసినా ప్రాణం పోయినా అది వాడి రాత, మాకు పేచీ లేదు అని ఆ కాగితం సారాంశం. జన్ తండ్రి కూడా అందులో సంతకం పెట్టాడు. పన్నెండేళ్లు నిండని కొడుకు గురించి అట్లాంటి కాగితం మీద సంతకం పెట్టాలంటే చెయ్యి ఎట్లా ఆడిందో ఆ తండ్రికి.

మన హైదరాబాదు రాజ్యం కూడా పిల్లలను పంపింది. 1877లో పుట్టిన మీర్ అహ్మద్ అలీ, అందరికీ తెలిసిన పేరు అలీ నవాజ్ జంగ్, సర్కారు వజీఫా మీదనే ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కాలేజీకి పోయాడు. 1899లో తిరిగొచ్చి నిజాం కొలువులో చేరాడు, 1918లో చీఫ్ ఇంజనీర్ అయ్యాడు. నిజాంసాగర్ ఆయన కట్టిందే. ఆయన పుట్టిన జులై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుతున్నాం. రైల్వేలో పనిచేసినవాడు కాదు, నీళ్లవాడు. కానీ మా దిక్కు రైలుకూ నీళ్లకూ ఎంత సంబంధమో మూడో అంకె దగ్గర చెబుతాను.

ఇప్పటి పిల్లలను పంపేది సర్కారు కాదు. నాయిన అమ్మిన రెండెకరాలు, అమ్మ కుదువ పెట్టిన పుస్తెలతాడు, బ్యాంకు అప్పు. ఎవరూ కాగితం మీద సంతకం పెట్టించుకోరు. అందుకే గుర్తు చేయాల్సి వస్తోంది.

2. తిరిగొచ్చినవాడి కోసం కుర్చీ ఖాళీగా ఉండదు

1881లో చైనా తన పిల్లలందరినీ వెనక్కి రమ్మంది. జడలు కత్తిరించుకుంటున్నారని, చర్చికి పోతున్నారని, బేస్‌బాల్ ఆడుతున్నారని పెద్దలకు కోపం. ఇటు అమెరికా తన సైనిక కళాశాలల్లోకి వాళ్లను రానివ్వలేదు. అప్పటికి డిగ్రీ చేతికొచ్చింది ఇద్దరికే, అందులో జన్ ఒకడు. రైల్వే ఇంజనీరింగ్ చదివి వచ్చినవాడిని తీసుకుపోయి ఎక్కడ వేశారనుకున్నారు? ఓడలు నడపడం నేర్పే బడిలో! ఆ తర్వాత ఇంగ్లిషు పాఠాలు చెప్పాడు. రైలు పట్టా మీద కాలు పెట్టేసరికి 1888. ఏడేళ్లు.

ఆ పిల్లల్లో చుంగ్ మున్‌యూ అని ఇంకొకడున్నాడు. పొట్టివాడు. యేల్ పడవ పందేల జట్టుకు చుక్కాని పట్టి, హార్వర్డ్ మీద గెలిపించాడు. ఆయనా తర్వాత షాంఘై–నాన్‌కింగ్ రైల్వేకు పెద్ద అధికారి అయ్యాడు. ఆయనకూ పిలవగానే ఆ కొలువు రాలేదు.

నా సంగతి చెబితే నవ్వుతారు. డిప్లొమా చేతబట్టుకుని చేరిన మొదటి ఏడాదిన్నర స్టోర్‌లో ఫిష్‌ప్లేట్లు, డాగ్ స్పైకులు లెక్కబెట్టాను. రోజూ ఏడుపొచ్చేది. ఆ ఏడాదిన్నరలోనే ఏ ఇనుము ఎంత అరిగితే మార్చాలో చేతి వేళ్లకు తెలిసిపోయింది. తర్వాత ట్రాలీ మీద పోతుంటే చక్రం చప్పుడు బట్టి ఎక్కడ జాయింట్ వదులైందో చెప్పేవాణ్ని. జన్‌కు ఆ ఓడల బడి ఎందుకు పనికొచ్చిందో ఆయనెక్కడా చెప్పినట్టు నాకు దొరకలేదు. బహుశా ఎందుకూ పనికిరాలేదేమో. కొన్నేళ్లు ఊరికే పోతాయి, దానికి అర్థం వెతకక్కర్లేదు.

3. నీళ్ల గురించి ఊరివాళ్లను అడగాలి

ఇది చెప్పడానికే అసలు కలం పట్టాను.

1956 సెప్టెంబరు 2. నాకు పన్నెండేళ్లు. అప్పటికింకా మాది హైదరాబాదు రాష్ట్రమే. మా ఊరు జడ్చర్లకు రెండు కోసుల దూరం. ముసురు పట్టి వాన. జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వరదకు రైలు వంతెన కూలింది, రాత్రి ప్యాసింజరు వాగులో పడింది. వంద మందికి పైగా పోయారు. తెల్లవారేసరికి మా నాయిన, ఊరి మగవాళ్లు మోకులు, మంచాలు పట్టుకుని పోయారు. నాయిన రెండు రోజులు ఇంటికి రాలేదు. వచ్చినాక వారం దాకా అన్నం ముద్ద నోట్లోకి పోలేదు ఆయనకు. ఏం చూశావని ఎవరూ అడగలేదు.

అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తానంటే నెహ్రూ వద్దన్నాడు. నవంబరులో తమిళనాడు అరియలూరు దగ్గర ఇంకో రైలు అట్లనే వరదలో పడింది. ఈసారి శాస్త్రి ఆగలేదు. అందరూ అరియలూరు రాజీనామా గురించే చెబుతారు. మొదటి రాజీనామా మాట మా వాగు ఒడ్డున పుట్టిందని మా జిల్లాలోనే చాలామందికి తెలియదు.

చూడబోతే పాలమూరు, నల్లగొండ కరువు జిల్లాలు. వానే లేని చోట వరదకు రైలెట్లా పడుతుందని పట్నం ఇంజనీర్లు అడిగేవాళ్లు. వాన లేదు కనుకనే మా పెద్దలు ప్రతి చిన్న వాగుకూ అడ్డంగా కట్ట వేశారు. ఒక చెరువు నిండి అలుగు పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే దాని కిందిదానికి. గొలుసు చెరువులంటే అవే. ఎర్రనేల, కింద రాయి, నీళ్లు ఇంకేది తక్కువ. మూడేళ్ల కరువు తర్వాత ఒక్క రాత్రి కుండపోత పడితే, ఎక్కడో పైన ఎండిపోయి పగుళ్లు బాసిన కట్ట తెగుతుంది. ఆ నీళ్ల బరువు కింది కట్ట మీద పడుతుంది, అదీ తెగుతుంది. ఆఖరున అన్ని చెరువుల నీళ్లకూ అడ్డంగా నిలబడేది మా రైలు కట్ట. దానికి నీళ్లు దాటేందుకు ఉన్నది ఎనిమిదడుగుల మోరీ. వాగు నీళ్లకని లెక్కగట్టి కట్టిన మోరీ నాలుగు చెరువుల నీళ్లను ఎట్లా మింగుతుంది?

రైల్వేకు ఈ సంగతి తెలుసు. ఏ చెరువు తెగితే పట్టాలకు ముప్పో ఆ చెరువులకు ఒక జాబితా ఉంటుంది. వానాకాలం ముందు నీటిపారుదల శాఖవాళ్లతో కలిసి కట్టలు చూసి రావాలి. వంతెన గోడ మీద ప్రమాద మట్టానికి గీత గీసి ఉంటుంది. వానలు మొదలైతే రాత్రిళ్లు గస్తీవాళ్లు లాంతరు, ఎర్రజెండా, పటాకులు పట్టుకుని పట్టా వెంట నడుస్తారు. పటాకులంటే దీపావళివి కావు. పట్టాకు కట్టిపెడితే ఇంజను చక్రం కింద పేలి డ్రైవర్‌కు ప్రమాదం చెప్పేవి.

డెబ్బైల్లో ఒక ఏడు. ఊరి పేరు రాయను. నేను కొత్తగా సెక్షన్ చూస్తున్న రోజులు. గ్యాంగ్ మేట్ ముసలాయన, చదువు లేదు, వచ్చి చెప్పాడు:

"సారూ, మీది చెర్వు కట్టకు బుంగ వడ్డదంట. గొర్లోళ్లు జెప్పిండ్రు."

"ఏ చెరువు?"

పేరు చెప్పాడు. నేను రిజిస్టర్ తీసి చూశాను. అది నాలుగు మైళ్ల అవతల ఉంది. జాబితాలో లేదు.

"మన లిస్టుల లేదు మేట్."

"లిస్టుల లేకుంటే నీళ్లకెట్ల ఎర్కైతది సారూ?"

నవ్వి పంపేశాను. మూడో రాత్రి ఆ చెరువు తెగింది, దాని కిందిది తెగింది. మోరీ పక్కన కట్ట మట్టి కొట్టుకుపోయి రెండు పట్టాల పొడుగున స్లీపర్లు గాలిలో వేలాడాయి. గస్తీ కుర్రవాడు ఆ చీకట్లో చూసి, వెనక్కి పరుగెత్తి, పటాకులు పెట్టి, ఎర్రదీపం ఊపి ప్యాసింజరును ఆపాడు. ఇంజను ఆగిన చోటికీ తెగిన చోటికీ మధ్య నేను తెల్లారి అడుగులు వేసి కొలిచాను. రెండు వందల పన్నెండు.

విచారణలో నన్నెవరూ ఏమీ అనలేదు. చెరువు జాబితాలో లేదు కదా. కాగితం మీద నా తప్పు లేదు. ముసలి మేట్ కూడా నేను నవ్విన సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఆ నెల నుంచే ఒక నోటుబుక్కు పెట్టాను. నా సెక్షన్‌లో ప్రతి మోరీకీ ఒక పేజీ. పై ఊళ్లకు పోయి ముసలివాళ్లను, గొర్రెలకాపరులను, నీరటికాండ్లను అడిగేవాణ్ని. ఏ ఏడు ఎక్కడిదాకా నీళ్లొచ్చినయి, ఏ చెట్టు మునిగింది, ఏ చెరువు ఎన్నిసార్లు తెగింది. చదువుకున్నవాళ్లకు సంవత్సరాలు గుర్తుంటాయి. వాళ్లకు పెళ్లిళ్లు, కాన్పులు గుర్తుంటాయి. "మా పెద్దబిడ్డ పుట్టినేడు గా చింతచెట్టు మొదలు దాక" అంటే ఆ బిడ్డ వయసు అడిగి లెక్క కట్టుకోవాలి.

ఇప్పుడు మనవడు పంపిన కాగితాల్లో చదువుతున్నాను: పీకింగ్ నుంచి కాల్గాన్‌కు కొండల్లో దారి వెతికేటప్పుడు జన్ అక్కడి రైతులను కూర్చోబెట్టుకుని అడిగేవాడని చైనా పిల్లల వాచకంలో పాఠమే ఉందట. యేల్ పట్టా ఉన్నవాడు! ఆ ముక్క దగ్గర కాగితాలు పక్కన పెట్టి కాసేపు బయట అరుగు మీద కూర్చున్నాను.

4. ఎత్తు ఎక్కాలంటే వెనక్కి నడవాల్సి రావచ్చు

ఆ పీకింగ్–కాల్గాన్ లైను కథ పట్టాలవాళ్లు తెలుసుకోదగ్గది. ఆ మార్గం కట్టే పని తమకంటే తమకని ఇంగ్లండ్, రష్యా పట్టుబట్టాయి. ఎవరికిచ్చినా రెండోవాడితో తగువు. అందుకని ఇద్దరికీ లేదు, మేమే కట్టుకుంటామన్నారు చైనావాళ్లు. మీకు చేతగాదని నవ్వారు అందరూ. 1905లో మొదలుపెట్టి 1909లో రైలు నడిపాడు జన్. దాదాపు 200 కిలోమీటర్లు, చెప్పిన గడువుకు రెండేళ్లు ముందే.

చైనా గోడ దగ్గర ఏటవాలు 30 అడుగులకు ఒక అడుగు. మాకు నూటికి ఒకటంటేనే బరువు బండికి రొప్పు వస్తుంది. చుట్టు తిప్పి పొడుగు సొరంగం తవ్వే డబ్బు లేదు. ఆయన చింగ్‌లుంగ్‌చియావో అనే చోట పట్టాను కత్తెర లెక్క వేశాడు. ముందొక ఇంజను, వెనకొక ఇంజను. బండి ఒక కొస దాకా పోయి ఆగుతుంది. వెనక ఇంజనే ముందుది అయి, బండి వెనక్కి నడుస్తూ ఇంకో పట్టా మీదుగా ఎత్తెక్కుతుంది. కూర్చున్నవాడికి వచ్చిన దారినే పోతున్నట్టుంటుంది.

1,091 మీటర్ల పాతాలింగ్ సొరంగానికి రెండు కొసల నుంచి తవ్వడం చాలక కొండ నెత్తి మీద నుంచి బావి దించాడు. బావి అడుగున నిలబడి అటూ ఇటూ తవ్వారు. ఇది చదివి మా పక్కింటాయన, బావులు తవ్విన వడ్డెర మనిషి, "గిదేం పెద్ద ముచ్చట, మేం సొరంగబాయిలు గట్లనే తవ్వలేదా" అన్నాడు. నిజమే.

5. గేజ్ ఒకటే ఉండాలి

వాడి–సికింద్రాబాద్ లైను 1874లో, బెజవాడ లైను 1889లో వేశారు. అవి బ్రాడ్ గేజ్. మా పాలమూరు లైను 1916 ప్రాంతంలో వేసి, కృష్ణ దాటించి 1929 నాటికి ద్రోణాచలం చేర్చారు. అది మీటర్ గేజ్. ఎందుకంటే చవక. చవకగా వేసిన ఆ పట్టా డెబ్బై ఏళ్లు మా జిల్లా నడుము విరిచింది. గద్వాల పల్లికాయ బస్తాలు సికింద్రాబాద్‌లో చిన్న బండి నుంచి దించి పెద్ద బండికి ఎక్కించాలి. హమాలీ ఖర్చు, చినిగిన సంచులు, పోయిన రెండు రోజులు, అన్నీ రైతు ధరలోనే కోత. తొంభైల్లో గానీ మా లైను పెద్దది కాలేదు. నల్లగొండ పట్నం కథ ఇంకో తీరు. అక్కడికి అసలు రైలే ఎనభైల్లో వచ్చింది, బీబీనగర్–నడికుడి లైను పుణ్యాన. ఆలస్యంగా వచ్చినా పెద్ద పట్టాయే వచ్చింది.

చైనాలో ఏ దేశం కంపెనీ వస్తే ఆ దేశం కొలత పట్టా వేసే రోజుల్లో, దేశమంతా ఒకటే 1,435 మిల్లీమీటర్ల గేజ్ ఉండాలని జన్ పట్టుబట్టాడు. సొరంగం కంటే, ఆ కత్తెర పట్టా కంటే ఇదే ఆయన చేసిన పెద్ద పని అని నా తీర్పు. జనమేమో ఫొటోలు సొరంగం దగ్గర దిగుతారు.

6. లెక్క అడిగినవాణ్ని ఊరు దాటిస్తారు, అయినా అడగాలి

అఘోరనాథ చటోపాధ్యాయ పేరు సరోజినీ నాయుడు తండ్రిగా విని ఉంటారు. ఎడింబరోలో రసాయనశాస్త్రంలో డి.ఎస్సీ. చేసి హైదరాబాదు వచ్చి, తర్వాత నిజాం కాలేజీ అయిన బడిని నిలబెట్టినవాడు. 1883లో చాందా దాకా రైలు వేయడానికి నిజాం ప్రభుత్వం ఇంగ్లిషు కంపెనీతో ఒప్పందానికి దిగింది. కంపెనీ పెట్టుబడికి వడ్డీ పూచీ మన ఖజానాది. నష్టమొస్తే మన రైతు కడతాడు. షరతులేమిటో ముందు జనానికి చెప్పండని అఘోరనాథుడు, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, ఇంకొందరు సభ పెట్టి అడిగారు. అడిగినందుకు అఘోరనాథుణ్ని ఉద్యోగంలోంచి తీసి రాజ్యం దాటించారు. తర్వాత రానిచ్చారనుకోండి. ఆ రైల్వేను కంపెనీ నుంచి రాజ్యం కొనుక్కునేసరికి 1930 వచ్చింది.

చైనాలో 1911లో రైల్వే ఒప్పందాల మీద సిచువాన్‌లో రేగిన గొడవ రాజవంశాన్నే కూల్చడానికి దారితీసింది. మన దగ్గర ఒక ప్రొఫెసర్ రైలెక్కి పోవడంతో సరిపోయింది.

7. చేయని పనికి దండ వేయించుకోవద్దు

బోగీకి బోగీ తగిలించే కొక్కెం తానే కనిపెట్టాడని జన్‌కు చైనాలో పేరు కట్టారు. అది అమెరికావాడు జానీ 1873లో పేటెంట్ తీసుకున్నది. జన్ దాన్ని తన లైన్లో వాడాడు, అంతే. ఉన్న గొప్పతనం చాలనట్టు అభిమానులు ఇంకొంత అతికిస్తారు. మన అలీ నవాజ్ జంగ్‌కు కూడా తెలంగాణలోని ప్రతి చెరువూ అంటగట్టే ఉపన్యాసాలు విన్నాను.

ఇంకో సంగతి దీనికి ముడిపడి ఉంది. పాతాలింగ్ బావిలో దిగినవాళ్ల పేర్లు మనవడు పంపిన కాగితాల్లో ఒక్కటీ లేవు. నాగార్జునసాగర్ కట్ట మీద, శ్రీశైలం కింద, దేశంలో ఎక్కడ మట్టి పనుంటే అక్కడ మా పాలమూరు లేబర్ ఉన్నారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను గుడిసెలో వదిలి పోయేవాళ్లు. నేను సెక్షన్‌లో ఉన్నన్నాళ్లూ వాళ్లు బస్సు పైసలు లేక మా పట్టా వెంట స్టేషన్‌కు నడిచి రావడం చూశాను. నెత్తిన మూట, చంకన బిడ్డ. వాళ్లలో ఒకడు పుట్టి పెరిగిన ఊరి పై చెరువే ఆ రాత్రి తెగింది. కట్టను మరమ్మతు చేయగలిగిన చేతులన్నీ అప్పుడు ఏ కాలువ పనికో పోయి ఉన్నాయి.

అన్నట్టు ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. రిటైరయ్యే రోజు పై ఆఫీసులో ఇవ్వబోతే రిజిస్టర్ ఫారంలో లేదన్నారు. అట్ట ఊడింది, కొన్ని పేజీలు చెదలు తిన్నాయి. నూట ముప్పై ఒక్క మోరీల నీళ్ల కథ అందులో ఉంది. ఆ లైన్లో ఇప్పుడు పనిచేస్తున్న కుర్ర ఇంజనీరెవరైనా ఇది చదివితే, జూన్ లోపల ఒకసారి మా ఇంటికి రండి. నేను చదివి వినిపిస్తాను, మీరు రాసుకోండి. నా అక్షరాలు వేరేవాళ్లకు అర్థం కావు.